మధ్యలో మానేసినవాళ్ళు

పోయిన వారం మన లెక్కలమ్మాయిని లేత్ షెడ్డు గుమ్మంలో నిలబెట్టి వదిలేశాం. అడుగు లోపల పెడితే ఎదురుగా బావ. పది రోజులుగా ఆయనకీ ఆమెకీ మాటల్లేవు. దానికి కారణం ఆమె రాసిన నివేదిక.

పురపాలక సంఘానికి నాలుగు వృత్తి శిక్షణ కేంద్రాలున్నాయి. వచ్చే ఏడాది మూడింటినే నడపగలదు. ఏది మూయాలో అంకెలు చూసి తేల్చమని సంఘం ఈ అమ్మాయిని ఉద్యోగంలో పెట్టుకుంది. చేరినవాళ్ళలో ఎంతమంది చివరిదాకా ఉండి సర్టిఫికెట్ తీసుకున్నారన్నది ఆమె కొలత. ఆ కొలత ప్రకారం, మిషన్ మీద ఉక్కు కోయడం నేర్పే లేత్ షెడ్డు అట్టడుగున, ఎర్ర గడిలో పడింది. షెడ్డు నడిపే మాస్టారు ఆమె అక్క మొగుడు. ఆ చుట్టరికం సంఘంలో ఎవరికీ తెలీదు. ఎవరూ అడగలేదు గనక ఆమె చెప్పనూ లేదు.

ఈ మధ్యాహ్నం సమావేశంలో సభ్యులు ఓటుకి చేతులెత్తితే షెడ్డుకి తాళమే. కానీ పొద్దున కాఫీ తాగుతూ హాజరు అంకెలు మళ్ళీ తిరగేస్తుంటే ఆమెకొక వింత కనిపించింది. కాఫీ అలాగే వదిలేసి పరిగెత్తుకొచ్చింది.

మాస్టారు తలెత్తలేదు. తిరుగుతున్న మిషన్‌ని ఆపి, కడ్డీని బిగించి పట్టే చక్‌లోంచి ఉక్కు కడ్డీ తీసి, గుడ్డతో తుడిచి పక్కన పెట్టాడు. అప్పుడు మాట్లాడాడు.

"తాళం కొలతలు తీసుకోవడానికొచ్చావా?"

"బావా, ఒక్క ప్రశ్న."

"ప్రశ్నలు నివేదిక రాయకముందు అడుగుతారు. రాశాక వస్తే దాన్ని పరామర్శ అంటారు."

"సరే, పరామర్శకే వచ్చాననుకో. కుర్చీ అయినా వేస్తావా?"

"కుర్చీలు కూడా మీ సంఘానివేగా. నీకు నచ్చింది లాక్కో."

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. లాప్‌టాప్ తెరిచి బల్ల మీద పెట్టబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "అక్కడొద్దు. ఇనప రజను లోపలికి పోతుంది." బల్ల మూలన శుభ్రంగా ఉన్న చోటు చూపించాడు. కోపంలో ఉన్నా మిషన్ పాడవడం ఆయన చూడలేడు, అది ఎవరి మిషనైనా సరే.

"ఇటు చూడు," అంది ఆమె. "మిగతా కేంద్రాల్లో చదువు మానేసినవాళ్ళ హాజరు ఇది. మెల్లగా తగ్గుతుంది. ఒక సోమవారం రారు. మళ్ళీ వస్తారు. తర్వాత వారం రెండు రోజులు రారు. అలా అలా ఒకరోజు కనబడకుండా పోతారు. ఎక్కడైనా మనుషులు అలాగే మానేస్తారు."

"ఊఁ."

"ఇది నీ షెడ్డు. ఒక్క రోజు కూడా తప్పకుండా వచ్చిన కుర్రాడు ఉన్నట్టుండి లేడు. కత్తితో కోసినట్టు ఆగిపోయింది గీత. ఒకడు కాదు, దాదాపు అందరూ ఇంతే. విసుగెత్తి మానేసేవాడు ఆఖరి రోజు దాకా టైముకి రాడు బావా. వీళ్ళంతా ఎక్కడికి పోయారు?"

మాస్టారు మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు.

"పనికి," అన్నాడు.

"ఏం పనికి?"

జవాబుగా ఆయన డబ్బాలోంచి ఒక బోల్టు తీశాడు. దాని మీది మర చుట్లు ఎవరో విద్యార్థి కోసినవి. దానికి ఒక నట్టు ఎక్కించి, బోల్టుని నిలువుగా పట్టుకుని, నట్టుని వేలితో ఒక్కసారి తిప్పాడు. అది గిరగిరా తిరుగుతూ అడుగుదాకా జారింది.

"ఇలా జారాలి. ఎక్కడా పట్టకూడదు, వదులుగా ఊగకూడదు. కుర్రాడి చేతిలో ఇది పడిన రోజు నేను ఏదో ఒక వర్క్‌షాపుకి ఫోన్ చేస్తాను. 'మనవాడొకడు తయారయ్యాడు, పంపించనా' అంటాను. మర్నాటినుంచి వాడు అక్కడ."

"మరి పరీక్ష? సర్టిఫికెట్?"

"అది కోర్సు చివర్న. జీతం వస్తుంటే కాగితం కోసం రెండు నెలలు ఎవడు కూర్చుంటాడు?"

ఆమె ఊళ్ళో అన్నింటికన్నా పనికొచ్చే కేంద్రానికి తన చేత్తో ఎర్రరంగు పూసింది. మాస్టారు ఎంత బాగా నేర్పితే కుర్రాళ్ళు అంత తొందరగా వెళ్ళిపోతారు. ఎంత తొందరగా వెళ్తే తన లెక్కలో అంత పెద్ద నష్టం.

"ఈ ముక్క ముందే చెప్పి ఏడవచ్చుగా!"

"నన్నెవరు అడిగారు? వచ్చిన ప్రతి అధికారీ ఎంతమంది పూర్తిచేశారనే అడిగాడు. ఎంతమంది బతుకుతున్నారని ఎవడైనా అడిగితేగా. సరేలే, మా మరదలే అడుగుతుందని చూశాను. ఆవిడ ఆఫీసు దాటి రాలేదు."

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. ఆమె లాప్‌టాప్ తనవైపు తిప్పుకుంది.

"నీ మాట ఒక్కటే నాకు చాలదు బావా. వెళ్ళిపోయిన కుర్రాళ్ళతో మాట్లాడాలి."

"సొంత అక్క మొగుడి మాట చాలదా?"

"అక్క మొగుడివి గనకే చాలదు."

మాస్టారు ఫోన్ తీశాడు. "రాసుకో. ముగ్గురి పేర్లు చెబుతాను. ఒకడైతే ఇప్పుడు సొంతంగా..."

"నువ్వు చెప్పేవాళ్ళు వద్దు. నువ్వు మెచ్చినవాళ్ళనే చూపిస్తావు. నేనూ ఎంచను, నాకూ నీ మీద జాలేస్తుందేమో. కంప్యూటర్‌కి ఎవరి మీదా ప్రేమ ఉండదు. కళ్ళు మూసుకుని చీటీలు తీసినట్టు అది తీస్తుంది. తీసినవాళ్ళతోనే మాట్లాడదాం."

"మీ అక్కకి పెళ్ళిచూపులప్పుడు ఇది ఉంటే బాగుండేది."

"అప్పుడు నువ్వు వచ్చేవాడివి కాదు."

"అదే అంటున్నా."

పది రోజుల్లో మొదటిసారి ఇద్దరూ నవ్వారు. వెంటనే ఇద్దరికీ నవ్వినందుకు సిగ్గేసింది.

కంప్యూటర్ తీసినవాళ్ళకి ఒక్కొక్కరికీ ఫోన్ చేశారు. దాదాపు ప్రతిసారీ అవతల మిషన్ల మోత. మొదటివాడు ఫోన్ ఎత్తగానే "మాస్టారూ, నేనేం పాడుచేయలేదు, ఒట్టు!" అన్నాడు. ఇంకొకడు పంపుల కంపెనీలో ఉన్నాడు, పక్కవాడికి తనే నేర్పుతున్నాడట. ఒకడు మాత్రం నిజంగానే మానేశాడు. వాళ్ళమ్మకి పక్షవాతం వచ్చింది, దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. మిగిలినవాళ్ళందరూ పనిలో ఉన్నారు.

మాస్టారి భుజాలు నిక్కాయి. "ఇప్పుడు ఎర్రరంగు గీకేసి ఆకుపచ్చ పూస్తావా, లేక నన్ను పూయమంటావా?"

ఆమె నవ్వబోయి ఆగింది. ఉద్యోగం నేర్పిన అలవాటు ఒకటుంది ఆమెకి. ఒక మూట విప్పితే పక్క మూట కూడా విప్పి చూడందే నిద్రపట్టదు. ఫెయిలయ్యారనుకున్నవాళ్ళు పనిలో ఉన్నారు. మరి పాసైనవాళ్ళు?

"సర్టిఫికెట్ తీసుకున్నవాళ్ళలోంచి కూడా కొందర్ని తీస్తాను," అంది.

"వాళ్ళెందుకు? వాళ్ళు పాసయ్యారుగా." మాస్టారి గొంతు మారింది. గుడ్డ తీసుకుని అప్పటికే శుభ్రంగా ఉన్న కడ్డీని మళ్ళీ తుడవసాగాడు.

తెర మీద పేర్లు ఒకదాని కింద ఒకటి వచ్చాయి. ఆమె వాటిని చదివింది. ఇంకొన్ని తీయమంది. అవీ చదివింది. అన్నీ ఆడపిల్లల పేర్లే.

"బావా, వీళ్ళలో ఇక్కడికి దగ్గర్లో ఎవరైనా ఉన్నారా?"

మాస్టారు కడ్డీని బల్ల మీద పెట్టాడు. "వీధి చివర మందుల షాపులో ఒక పిల్ల ఉంది. మేం 'మైక్రో' అని పిలిచేవాళ్ళం. ఏది చేతికిచ్చినా మైక్రోమీటర్ పెట్టి కొలిచేది. చివరికి నా కళ్ళజోడు అద్దం మందం కూడా."

* * *

మందుల షాపు ఇరుకు. కౌంటరు వెనక తెల్ల కోటు వేసుకున్న అమ్మాయి కత్తెరతో మాత్రల అట్టని మడత చెదరకుండా కోస్తోంది. వీళ్ళని చూసి కత్తెర దించింది.

"మాస్టారూ! ఒంట్లో బాలేదా?"

"బానే ఉందమ్మాయ్. ఈవిడ సంఘం ఆఫీసునుంచి. నిన్నేదో అడుగుతుందట."

లెక్కలమ్మాయి సూటిగా అడిగింది. "లేత్ పని ఎందుకు వదిలేశావమ్మా?"

"వదల్లేదు మేడమ్. దొరకలేదు. ఇదీ కటింగ్ పనేగా," అని అట్టముక్క చూపించి నవ్వింది మైక్రో. ఆ నవ్వు మర్యాద కోసం.

"నట్టు పరీక్ష?"

"మా బ్యాచిలో నాదే ముందు జారింది. మాస్టార్ని అడగండి."

మాస్టారు తలూపాడు.

"మరి ఫోన్?" అంది లెక్కలమ్మాయి. ఆయనవైపు చూడకుండానే.

మైక్రో కోసిన మాత్రల్ని కవర్లో వేసి, కవరు మూతి మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచింది. "మాకు వస్తుందేమో అనుకునేవాళ్ళం మేడమ్. అబ్బాయిలకి ఒక్కొక్కరికీ వచ్చింది. వాళ్ళు వెళ్తుంటే మిషన్లు ఖాళీ అయ్యేవి. ఒక్కో మిషన్ ముందు నలుగురం నిలబడేవాళ్ళం కాస్తా, చివరికి తలొక మిషన్ వచ్చింది. బాగానే నేర్చుకున్నాం. అంతా అయ్యాక చూస్తే షెడ్డులో మేమే మిగిలాం. మిగిలినవాళ్ళకి సర్టిఫికెట్లు ఇచ్చారు."

ఎవరో దగ్గుమందు కావాలంటూ వచ్చారు. మైక్రో అటు తిరిగింది.

బయట పేవ్‌మెంట్ మీద లెక్కలమ్మాయి ఆగిపోయింది. "వర్క్‌షాపుల వాళ్ళు ఆడపిల్లలు వద్దన్నారా?"

"అంటారు."

"అన్నారా?"

మాస్టారు వెళ్తున్న బస్సు వైపు చూశాడు. "అడగలేదు," అన్నాడు.

"ఎన్నేళ్ళుగా?"

"నీకేం తెలుసే! ఆ షెడ్లలో ఆడవాళ్ళకి మొహం కడుక్కునే చోటుండదు. రాత్రి షిఫ్టులుంటాయి. రేపు ఏదైనా జరిగితే పంపినవాణ్ణి నేను. పైగా వాళ్ళు పిల్లల్ని చూసి తీసుకోరు, నా మాట మీద తీసుకుంటారు. ఒక్కసారి కాదనిపించుకుంటే ఆ మాట పలచబడిపోతుంది. తర్వాత కుర్రాళ్ళకి కూడా ఫోన్ చేయలేను."

"అందుకని నీ మాట కుర్రాళ్ళ కోసం దాచిపెట్టావు."

"దాచిపెట్టలేదు! ఉన్నదాన్ని సర్దుకున్నాను." గొంతు పెరిగింది. దారినపోయేవాళ్ళు చూస్తున్నారని మళ్ళీ తగ్గించాడు. "ఇంట్లో మీ అక్క కూడా ఇదే అడిగింది ఒకసారి. ఆ పూట అన్నం సయించలేదు నాకు."

ఇద్దరూ కొంతదూరం నడిచారు. నడుస్తూనే ఆమె జాబితాలోని ఇంకొందరు ఆడపిల్లలకి ఫోన్ చేసింది, ఒక్కరూ లేత్ పనిలో లేరు. అబద్ధం చెప్పడం ఆయనకి చేతకాదు. ఆ సంగతి ఆమెకి చిన్నప్పటినుంచీ తెలుసు. అందుకే ఆ తర్వాత ఆయన అడిగింది వింటే ఆమెకి కోపం రాలేదు, బాధేసింది.

"నువ్వు మొదటి సగమే చెప్పు," అన్నాడు మాస్టారు. "మానేసినవాళ్ళు పనిలో ఉన్నారని చెప్పు. అది నిజమేగా. షెడ్డు నిలబడనీ. రెండో సగం నేను సరిచేసుకుంటాను. ఆడపిల్లలందరికీ ఫోన్లు చేస్తాను. నామీద నమ్మకం లేదా?"

ఉంది. ఇబ్బంది అదే. నమ్మకం ఉన్న మనిషి కోసం సగం లెక్క దాస్తే, రేపు నమ్మకం లేని మనిషి సగం దాచమన్నప్పుడు ఏ మొహంతో కాదంటుంది? కానీ రెండు సగాలూ చెబితే, సంఘం వాళ్ళకి షెడ్డు మూయడానికి కొత్త సాకు దొరకొచ్చు. అక్క ఇంట్లో పొయ్యి ఆ షెడ్డు మీదే వెలుగుతోంది.

"నేను రెండూ చెబుతాను బావా. నువ్వు నాకేమవుతావో అది కూడా చెబుతాను."

"అయితే నేను మునిగినట్టే."

"ఇద్దరం."

* * *

సమావేశ మందిరంలో ఫ్యాన్ల గాలికి కాగితాలు ఎగురుతుంటే సభ్యులు వాటి మీద గాజుగ్లాసులు పెట్టుకున్నారు. సందర్శకుల బెంచీ మీద మాస్టారు ఒక చివర, ఆయన పక్కనే మైక్రో. షాపులో గంట సెలవడిగి, లెక్కలమ్మాయి రమ్మన్నదని వచ్చింది. తెల్ల కోటు విప్పడం మరిచిపోయింది.

అధ్యక్షురాలు పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆవిడ తరఫున కూడా మాట్లాడేవాడు మొదటి వరసలో ఉన్నాడు. టోకు వ్యాపారి. ప్రతి మాటకీ ముందు చేతి గడియారం చూసుకుంటాడని అతణ్ణి అందరూ 'గడియారం' అంటారు, అతని ఎదురుగా కూడా.

లెక్కలమ్మాయి లేచింది. "విషయంలోకి వెళ్ళేముందు ఒక సంగతి. లేత్ మాస్టారు మా అక్క భర్త. నివేదిక ఇచ్చిన రోజే చెప్పాల్సింది. చెప్పలేదు."

గుసగుసలు మొదలయ్యాయి. 'గడియారం' కుర్చీలో వెనక్కి వాలాడు. "బాగుంది! బావగారి షెడ్డు మూస్తుంటే మరదలుగారికి కొత్త లెక్కలు గుర్తొచ్చాయన్నమాట."

"ఆయన బావ అని తెలిసే మూయమని రాశారు కదా," అంది అధ్యక్షురాలు. "చెప్పనివ్వండి. మాట బరువెంతో విన్నాక తూద్దాం."

ఆమె చెప్పింది. కోసినట్టు ఆగిపోయిన గీతల్ని తెర మీద చూపించింది. అవతల మోగిన మిషన్ల గురించి చెప్పింది. పక్షవాతం వచ్చిన తల్లి గురించి కూడా దాచకుండా చెప్పింది. సభ్యులు ముందుకి వంగారు. ఒకరిద్దరు మాస్టారి వైపు తిరిగి మెచ్చుకోలుగా తలూపారు. అక్కడ ఆపేస్తే సరిపోయేది. ఆమె ఆపలేదు.

"నేను ఎర్రరంగు వేసినవాళ్ళలో ఎక్కువమంది పనిలో ఉన్నారు. ఆకుపచ్చ వేసినవాళ్ళు, అంటే సర్టిఫికెట్ వచ్చినవాళ్ళు, నేను చూసినంతలో అందరూ ఆడపిల్లలు. వాళ్ళని ఎవరూ పనిలోకి తీసుకోలేదు. తీసుకోమని ఎవరూ అడగలేదు కూడా. ఇది కొందరితో మాట్లాడి చెబుతున్న మాట. నాకు ఒక్క నెల గడువివ్వండి. ప్రతి ఒక్కరినీ కలిసి, అసలు కొలత ఏది ఉండాలో..."

'గడియారం' చేయెత్తాడు. "నెల దేనికమ్మా? తేలిపోయిందిగా." గడియారం చూసుకుని సభ్యుల వైపు తిరిగాడు. "కుర్రాళ్ళకి పని దొరుకుతోంది. ఆడపిల్లలకి దొరకడం లేదు. షెడ్డు మూయడం ఎందుకు? ఆడపిల్లల్ని చేర్చుకోవడం ఆపేద్దాం. ఆ సీట్లు కూడా కుర్రాళ్ళకే ఇద్దాం. షెడ్డూ నిలబడుతుంది, ఫలితాలూ పెరుగుతాయి. పైసా ఖర్చు లేదు."

తలలు ఊగాయి. ఎవరో బల్ల తట్టారు. లెక్కలమ్మాయి ఒక అడుగు ముందుకేసింది.

"నేను అలా అనలేదు!"

"మీరు అనలేదు తల్లీ. మీ లెక్క అంది."

ఆమె ఏదో చెప్పబోయింది. కాగితాలు మళ్ళీ చూసుకుంది. తన అంకెల్లో ఒక్కటీ అతను మార్చలేదు. ఒక్కటీ తప్పు చదవలేదు. ఫోన్ చేయని మనిషిని వదిలేసి, ఫోన్ రాని పిల్లల్ని తీసేశాడంతే.

అధ్యక్షురాలు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఓటింగుకి ముందు మాస్టారి మాట వినాలి. మాస్టారూ, ఈ షరతు మీద షెడ్డు మీకే వదిలేస్తే తీసుకుంటారా? అవునో కాదో చెప్పండి."

మాస్టారు లేచాడు. ముందు బెంచీ అంచు పట్టుకున్నాడు. మరదలి వైపు చూడలేదు. పక్కనున్న తెల్ల కోటు వైపు అసలే చూడలేదు.

"తీసుకుంటాను," అన్నాడు.

'గడియారం' చెయ్యి అందరికన్నా ముందు పైకి లేచింది. దాని వెనక ఇంకో రెండు. అధ్యక్షురాలు లెక్కపెట్టడం మొదలుపెట్టేలోగా బెంచీ కిర్రుమంది.

మైక్రో నిలబడింది.

"మేడమ్, నాకు ఓటు లేదని తెలుసు. ఒక్క మాట. మమ్మల్ని తీసుకోమని ఎవరూ అడగలేదని ఇప్పుడు ఈవిడ చెప్పారు కదా. అది తప్పు. సర్టిఫికెట్ వచ్చిన మర్నాడే నేను వెళ్ళి అడిగాను. ఒక్కచోట కాదు, మాస్టారు ఫోన్ చేసే ప్రతి వర్క్‌షాపుకీ వెళ్ళాను."

మాస్టారు గిర్రున తిరిగాడు. లేచిన చేతుల్లో ఒకటి కిందికి దిగింది.

"ఏమన్నారు?" అంది అధ్యక్షురాలు.

"అందరూ ఒకే మాట అన్నారు మేడమ్." మైక్రో అధ్యక్షురాలికి జవాబిస్తూ మాస్టారినే చూస్తోంది. "చెప్పమంటారా మాస్టారూ?"